తెలుగులో చెప్పలేని నేరం

ఆ పిల్లవాడిని ఇంటికి పంపించండని ఎవరూ అడగలేదు. నాకు మొదట అనుమానం వచ్చింది అక్కడే.

అప్పట్లో నేను నాందేడ్‌లో ప్రొబేషన్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. రెండువేల సంవత్సరం దాటి, బాలల కోసం చేసిన కొత్త చట్టం అమల్లోకి వచ్చిన రోజులు. పాత బాలల కోర్టు పోయి దాని స్థానంలో బోర్డు ఏర్పడింది. ఒక మెజిస్ట్రేటు, ఆయనకు అటూ ఇటూ సంఘసేవ చేసిన ఇద్దరు సభ్యులు. గదిలో బోను ఉండేది కాదు. జడ్జి పైన, మిగతావాళ్ళు కింద అన్నట్టు కాకుండా అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. పోలీసులు మామూలు బట్టల్లో రావాలి. పిల్లవాడిని ముద్దాయి అని పిలవకూడదు. పిల్లవాడితో మాట్లాడి, వాడి ఊరికి వెళ్ళి, ఇల్లూ వాకిలీ చూసి, వాడిని ఎక్కడ ఉంచితే మంచిదో బోర్డుకు చెప్పటం నా పని. నేరం ఎవరు చేశారో తేల్చటం నా పని కాదు. ఈ గీత ఎక్కడుందో మెజిస్ట్రేటు గారు నాకు తరచు గుర్తు చేసేవారు. ఆయన కొంకణం వైపు మనిషి. మాటలు తక్కువ, కోపం ఇంకా తక్కువ.

నాకు ఇంకో పని కూడా ఉండేది. మా తాత మగ్గం వదిలి కరీంనగర్ వైపు నుంచి ఇక్కడి మిల్లులో పనికి వచ్చాడు. మేము ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో ఉర్దూ మాట్లాడుతూ పెరిగాం. సరిహద్దు ఊళ్ళ నుంచి మరాఠీ సరిగా రాని పిల్లలు వస్తే బోర్డువాళ్ళు నన్నే దుబాసీగా కూర్చోబెట్టేవారు.

పిల్లవాడికి పదిహేనేళ్ళు. ఇస్లాపూర్ దాటాక, తెలంగాణను ఆనుకుని ఉన్న ఒక పల్లె వాడిది. పొలానికి నీళ్ళు మళ్ళించే కాలవ దగ్గర తగాదా వచ్చి, పక్క చేను రైతును గొడ్డలితో నరికి చంపాడని కేసు. పోలీసులు వెతికి పట్టుకున్నది కాదు. సొంత పెదనాన్నే గొడ్డలితో సహా ఠాణాకు తీసుకొచ్చి అప్పగించాడు. పంచనామా, సాక్షులు, ఒప్పుకోలు అన్నీ చకచకా అమరిపోయాయి. వాడి తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లి, చెల్లెలు పెదనాన్న ఇంట్లోనే ఉంటారు. వీడు మాత్రం ఆదిలాబాద్ వైపు అమ్మమ్మ దగ్గర పెరిగి, ఆమె పోయాక ఈ మధ్యనే ఇక్కడికి వచ్చాడు.

రిమాండ్ హోంకి పిల్లలు వచ్చిన రోజే వాళ్ళ ఇంటివాళ్ళు నా కాళ్ళావేళ్ళా పడేవారు. సైకిలు దొంగతనం కేసైనా సరే, బెయిలు ఎప్పుడిస్తారు, ఎవరి సంతకం కావాలి అని ప్రాణం తీసేవారు. చట్టం కూడా పిల్లవాడిని ఇంటికి పంపటం వైపే మొగ్గుతుంది. ఈ పెదనాన్న మాత్రం కేసు వాయిదా పడ్డ ప్రతి తారీఖుకూ శుభ్రమైన తెల్లటి ధోవతితో, నెత్తిన టోపీతో వచ్చేవాడు. పిల్లవాడి కోసం జొన్నరొట్టెలు, పల్లీల కారం కట్టుకొచ్చేవాడు. వాడి పక్కనే కూర్చుని, మెడ మీద చెయ్యి వేసి ఉంచేవాడు. బెయిలు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనే ఒకరోజు అడిగాను.

"తప్పు జేసిండు మేడం, ఒప్పుకున్నడు," అన్నాడు చేతులు జోడించి. "పద్దెనిమిదేండ్లు నిండేదాక ఉంచుతరట గద. సదువు గూడ చెప్తరట. ఉండనీయుండ్రి. మాకు తొందరేం లేదు."

నా కంటే చట్టం అతనికే బాగా తెలిసినట్టు అనిపించింది. అతను మాట్లాడినంతసేపూ పిల్లవాడు తల ఎత్తలేదు. చెయ్యి తీసి లేచి వెళ్ళాక కూడా, అది ఇంకా అక్కడే ఉన్నట్టు మెడ వంచుకునే ఉన్నాడు.

రిమాండ్ హోం వరండాలో వాడితో మొదటిసారి ఒంటరిగా మాట్లాడాను. ఏం జరిగిందో చెప్పమంటే లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, "మీ త్యాలా కుర్హాడీనే మారలం" అని మొదలుపెట్టాడు. అతన్ని నేనే గొడ్డలితో కొట్టాను అని. ఆ తరువాత కాలవ, తగాదా, తిట్లు, దెబ్బ అన్నీ వరసగా, తప్పులేని మరాఠీలో, బడిలో పద్యం అప్పచెప్పినట్టు చెప్పాడు. అన్నం తిన్నావా అని మరాఠీలో అడిగితే మాత్రం అర్థం కాక నా మొహం చూశాడు.

నేను తెలుగులోకి వచ్చాను. అమ్మమ్మ ఊరి గురించి, మేపిన గొర్రెల గురించి, చెల్లెలి గురించి అడిగాను. మాటలు వచ్చాయి. తోడేలు వచ్చినప్పుడు కుక్క ఎట్లా మొరిగిందో కూడా చెప్పాడు. అప్పుడు, ఆ రోజు కాలవ దగ్గర ఏమైందో తెలుగులోనే చెప్పు బిడ్డా అన్నాను. నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. ఒక్క మాట రాలేదు. మళ్ళీ చేతులు కట్టుకుని "మీ త్యాలా" అని మొదలుపెట్టాడు. నేను చాలని చెప్పి వాడిని లోపలికి పంపేశాను.

నివేదిక కోసం ఆ ఊరికి వెళ్ళాలి కాబట్టి వెళ్ళాను. ఎస్టీ అనే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సులో ఇస్లాపూర్ దాకా, అక్కడి నుంచి జీపులో. పత్తి ఏరే రోజులు. వాగు దాటి ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి నేను వస్తున్నట్టు అందరికీ తెలుసు. వాకిళ్ళలో కూర్చున్న ఆడవాళ్ళు లేచి లోపలికి వెళ్ళిపోయారు. పెదనాన్న ఇంట్లో మంచం వేసి, దుప్పటి పరిచి, చాయ్ తెచ్చి పెట్టారు. పిల్లవాడి తల్లిని పిలవమంటే వచ్చింది, కానీ ఆమెకు ఒక పక్క తోడికోడలు, ఇంకో పక్క పెదనాన్న కూర్చున్నారు. నేను ఏది అడిగినా ఆమె ముందు వాళ్ళవైపు చూసి, తరువాత "బావ చెప్పిందే" అనేది. గడప దగ్గర పదేళ్ళ పిల్ల ఒకతె నిలబడి నన్నే చూస్తోంది. అన్న పోలికే. నివేదికలో ఇంట్లోవాళ్ళందరినీ రాయాలి కాబట్టి, పెదనాన్న పెద్దకొడుకు ఎక్కడని అడిగాను. నిజామాబాద్‌కు పనికి పోయాడన్నారు. ఎప్పుడు పోయాడంటే ఒకరు సంక్రాంతికి ముందన్నారు, ఇంకొకరు తరువాతన్నారు.

చనిపోయిన రైతు భార్యను చేలో కలిశాను. పత్తి ఏరటం ఆపలేదు. వంగిన నడుము ఎత్తకుండానే, నేను ఎవరినో, ఎందుకు వచ్చానో అంతా విన్నది. ఆ పిల్లవాడి గురించి మీకేమైనా తెలుసా అన్నాను.

"సంపింది ఎవరో ఊరంతటికి ఎరుకే," అన్నది. "మీరు మాపటి బస్సుకు వోతరు. నేను ఈడ్నే ఉండాలె."

అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. నేను తిరిగి వస్తుంటే పెదనాన్న జీపు దాకా సాగనంపాడు. జీపు కదిలే ముందు వంగి, ఎంతో మర్యాదగా అన్నాడు: "మళ్ళ మళ్ళ ఇంత దూరం రాకుండ్రి మేడం. తొవ్వ మంచిది గాదు. ఒక్కలే అచ్చుడు అసలే మంచిగ గాదు." ఇస్లాపూర్ దాకా మా జీపు ముందు ఒక మోటారు సైకిలు వెళ్ళింది. దారి ఇవ్వలేదు, వేగంగా పోనూ లేదు. బస్టాండు రాగానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నడిపినవాడు మొహానికి రుమాలు కట్టుకున్నాడు.

మెజిస్ట్రేటు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన అంతా విని, ఎవరు చంపారన్నది మీరు చెప్పకూడదు, నేను వినకూడదు అన్నారు. పోలీసులు పెట్టిన దాని మీదే విచారణ నడుస్తుంది. ప్రభుత్వ వకీలు ఒప్పుకోలు ఉందంటున్నాడు, పిల్లవాడి తరఫు వకీలు కాదనటం లేదు. అయితే ఆ పిల్లవాడి మాట వాడి సొంత భాషలో వినటం నా పనే కదా అన్నారు. తల్లి బతికి ఉండగా పెదనాన్న సంరక్షకుడు ఎందుకవుతాడని కూడా అడిగారు. వచ్చే తారీఖుకు తల్లి హాజరు కావాలని కబురు వెళ్ళింది.

తల్లి వచ్చింది. పెదనాన్నా వచ్చాడు. మెజిస్ట్రేటు గారు అతన్ని బయట కూర్చోమన్నారు. అతను నమస్కారం చేసి బయటకు నడిచాడు, కానీ వరండాలో సరిగ్గా మా కిటికీ ఎదురుగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. అద్దం మురికిగా ఉంది. తెల్ల టోపీ మాత్రం కనిపిస్తోంది.

పిల్లవాడు లేచి చేతులు కట్టుకోబోయాడు. మెజిస్ట్రేటు గారు కూర్చోమని సైగ చేశారు. మరాఠీ వద్దు, నీ తెలుగులో చెప్పు, నీ మాట ఈ మేడం నాకు చెప్తారు అన్నారు. ఆ మాట నేను వాడికి తెలుగులో చెప్పాను. వాడు తల్లి వైపు చూశాడు. నోరు తెరిచాడు. చెప్పేస్తాడని నాకు తెలిసిపోయింది. తల్లికి కూడా తెలిసినట్టుంది. బల్ల మీదుగా చెయ్యి చాపి, వాడి మణికట్టు పట్టుకుని, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా అన్నది:

"చెల్లె ఆడ్నే ఉన్నది బిడ్డా."

వాడు నోరు మూసుకున్నాడు.

మెజిస్ట్రేటు గారు నా వైపు చూశారు. దుబాసీకి సొంత మాట ఉండదు. గదిలో పలికిన ప్రతి మాటనూ అవతలి భాషలో పెట్టటమే పని. తల్లి కళ్ళతోనే నన్ను వద్దని బతిమాలుతోంది. ఆమె ఏమన్నారు అని మెజిస్ట్రేటు గారు అడిగారు. నేను మరాఠీలో చెప్పాను: చెల్లెలు అక్కడే ఉందని కొడుకుతో అంటున్నారు.

ఆయన కలం మూత పెట్టారు. సభ్యుల్లో ఒకరైన డాక్టరమ్మ కుర్చీలోంచి ముందుకు వంగింది. ఈ రోజుకు విచారణ ఆపుతున్నామని, ఆ చిన్నపిల్లను రక్షణ కావలసిన బాలికగా భావించి వెంటనే తీసుకురావాలని, పోలీసుల వెంట నేను వెళ్ళాలని మెజిస్ట్రేటు గారు చెప్పారు. తల్లిని అక్కడే ఉంచమన్నారు. నేను తలుపు తీసి వరండాలోకి వచ్చాను.

కిటికీ ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది.

కోర్టు గేటు బయటే ఎస్టీడీ బూతు ఉంది. ఊళ్ళో ఫోను ఉన్నది పెదనాన్న ఇంట్లోనేనని నాకు తెలుసు. జీపు భోకర్ వైపు బయలుదేరింది. మామూలు బట్టల్లో ఉన్న పోలీసు అధికారి డ్రైవరును తొందరపెడుతూ ఉన్నాడు. నా కళ్ళ ముందు గడప దగ్గర నిలబడ్డ ఆ పిల్లే. నేను ఒక్క మాట తెలుగులోంచి మరాఠీలోకి మార్చాను, అంతే. ఆ మాట ఫోను తీగల మీద నాకంటే ముందు ఊరు చేరిందా అని దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

పెదనాన్న ఇంట్లో తోడికోడలు ఒక్కతే ఉంది. పిల్ల పొద్దున్నే చుట్టాలతో మాహూర్‌కు అమ్మవారి దర్శనానికి వెళ్ళిందన్నది. ఆ మాట అంటున్న ఆమె తల వెనక, దండెం మీద, చిన్న లంగా ఒకటి ఆరేసి ఉంది. దాని అంచు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. అధికారి దాన్ని చూశాడు, నేనూ చూశాను. ఆయన ఇల్లంతా వెతికించాడు. గడ్డివాము వెనక, బావి దగ్గర చూశారు. బావిలోకి ఒక కానిస్టేబులు వంగి చూస్తున్నంతసేపు నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఊరు ఊరంతా తలుపులు వేసుకుని ఉంది. మధ్యాహ్నపు ఎండలో కుక్క కూడా లేదు.

అప్పుడు వీధి చివర ఒక తలుపు తెరుచుకుంది. చనిపోయిన రైతు భార్య గడపలో నిలబడి, "ఈడున్నది," అన్నది.

పిల్ల ఆమె చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుని ఉంది. ఫోను వచ్చిన కాసేపటికే పెదనాన్న పెద్దకొడుకు, నిజామాబాద్‌లో ఉన్నాడని అందరూ చెప్పినవాడు, మోటారు సైకిలు వాకిట్లోకి తెచ్చి పిల్లను ఎక్కమన్నాడట. పిల్ల ఎక్కకుండా పరుగెత్తి ఈమె ఇంట్లో దూరింది. ఈమె గడియ పెట్టింది. అతను చాలాసేపు తలుపు బాదాడు. చుట్టుపక్కల ఎవరూ బయటకు రాలేదు. మా జీపు వాగు దాటుతున్న చప్పుడు విని సరిహద్దు వైపు వెళ్ళిపోయాడు.

మీరెందుకు ఇంత తెగించారని అడిగాను. ఆమె నా వైపు చూడకుండా జవాబు చెప్పింది. "వాని తమ్ముణ్ణి జైల్ల వెట్టి వాడు నా వాకిట్ల కెల్లే తిరుగుతుండు. నా మొగడు ఉత్తగనే సచ్చిండా?"

మాతో నాందేడ్ వచ్చేయమన్నాం. చేలో పత్తి ఉందన్నది.

తరువాతి తారీఖుకు పిల్లవాడు బోర్డు ముందుకు వచ్చినప్పుడు తల్లి ఒక పక్క, చెల్లెలు ఒక పక్క కూర్చున్నారు. వాడు ఈసారి చేతులు కట్టుకోలేదు. నీళ్ళు తాగి, చాలాసేపు బల్లకేసి చూసి, తెలుగులో చెప్పాడు.

"నేను నీళ్ళు మళ్లిస్తున్న. అన్న మీదికెల్లి అచ్చి కాలవల చేతులు కడుక్కున్నడు. నీళ్ళు ఎర్రగ నా కాళ్ళ మీదికి అచ్చినయ్. పెద్దబాపు గొడ్డలి నా చేతిల వెట్టిండు. నువ్వు చిన్నోనివి, నీకేం గాదన్నడు. మీ అమ్మ, చెల్లె మా ఇంట్లనే ఉంటరు గద అన్నడు."

నేను ఒక్కో వాక్యం మరాఠీలో చెప్తుంటే మెజిస్ట్రేటు గారు స్వయంగా రాసుకున్నారు. ఆ మరాఠీ ఎవరు నేర్పారని అడిగారు. పెదనాన్నే, రెండు పూటలూ కూర్చోబెట్టి, తప్పు వస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పించాడని చెప్పాడు. పిల్లవాడి మీద కేసు నిలబడలేదు. పోలీసులు మళ్ళీ దర్యాప్తు చేసి, కొంతకాలానికి ఆ పెద్దకొడుకును సరిహద్దు అవతల పట్టుకున్నారు. పెదనాన్న మీద కూడా కేసు పెట్టారు.

ఇక్కడితో అయిపోయిందని నేను అనుకున్నాను. మా గదిలో బల్ల ఉండేది, అందరూ మెల్లగా మాట్లాడేవారు. సెషన్స్ కోర్టులో అట్లా కాదు. అక్కడ నన్ను సాక్షిగా బోనులో నిలబెట్టారు. ముద్దాయిల వకీలు పెద్దవాడు, మంచి గొంతు. పిల్లవాడు ఏం చెప్పాడో ఆ గదిలో మీకూ వాడి ఇంటివాళ్ళకూ తప్ప ఇంకెవరికైనా అర్థమైందా అని అడిగాడు. లేదన్నాను. అంటే వాడి తెలుగును మరాఠీ చేసినది మీరొక్కరే. మీరు ఏం చెప్తే అదే వాడి మాట. వాడు తన నోటితో మొదట చెప్పినది మాత్రం వేరే. అవునా కాదా అన్నాడు. అవును కాదు రెండింటిలో ఏది చెప్పినా తప్పయ్యేలా ఉంది ఆ ప్రశ్న. పిల్లవాడిని కూడా అట్లాగే అడిగారు: అప్పుడు అబద్ధం చెప్పావా, ఇప్పుడు చెప్తున్నావా? వాడు మెడ వంచుకున్నాడు. రైతు భార్య తనకు తెలిసినదంతా చెప్పింది. కానీ నరుకుతుంటే ఆమె కళ్ళారా చూడలేదు. చూసిన ఊరివాళ్ళు ఒక్కరొక్కరే వచ్చి మాకేమీ తెలియదన్నారు. నేరం సందేహం లేకుండా రుజువు కాలేదని తండ్రినీ కొడుకునూ వదిలేశారు.

తీర్పు రోజు కోర్టు ఆవరణలో పెదనాన్న నా దగ్గరికి వచ్చాడు. అదే తెల్ల ధోవతి, అదే వినయం. చేతిలో పేడాల డబ్బా. ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. నేను వద్దనేలోపే పెట్టేశాడు.

"మీ బిడ్డ గోదారి అవుతలి బడిల సదువుతదట గద మేడం," అన్నాడు. "మంచి బడి. రిక్షల ఒక్కతే వోతది గావచ్చు."

నమస్కారం పెట్టి జనంలో కలిసిపోయాడు. నేను పేడా అక్కడే పారేసి, ఆఫీసుకు చెప్పకుండా ఆటో ఎక్కి బడికి వెళ్ళాను. నా కూతురు తరగతిలో కూర్చుని ఉంది. పాఠం మధ్యలో లేపి ఇంటికి తీసుకొచ్చాను. ఎందుకమ్మా అని దారంతా అడుగుతూనే ఉంది. ఆ ఏడంతా మా ఆయన తన పని మానుకుని రెండు పూటలా స్కూటరు మీద దింపి, తీసుకొచ్చాడు. ఏమీ జరగలేదు. ఆ తరువాత కూడా ఏమీ జరగలేదు. కానీ పిల్ల ఇంటికి రావటం కాస్త ఆలస్యమైతే ఈనాటికీ నేను వాకిట్లోకి వచ్చి నిలబడతాను, ఇప్పుడు అది పెద్దదై ఉద్యోగం చేస్తున్నా సరే.

రైతు భార్య ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. ఆమెను ఎవరూ ముట్టుకోలేదని, ఎవరూ ఆమెతో మాట్లాడటం కూడా లేదని విన్నాను. ఆమె చేలో పత్తి ఏరటానికి కూలివాళ్ళు రారట. ఒక్కతే ఏరుకుంటుందట.

పిల్లలను తీసుకుని తల్లి తీర్పుకు ముందే వెళ్ళిపోయింది. తెలంగాణ వైపు ఎవరో దూరపు బంధువుల దగ్గరికన్నది. వెళ్ళే రోజు బస్టాండులో పిల్లవాడు నా కాళ్ళకు దండం పెట్టబోతే ఆపాను. పొడుగయ్యాడు, మీసం వస్తోంది. ఏ ఊరని అడగబోతే తల్లి నా చెయ్యి పట్టుకుని, "ఊరి పేరు అడగద్దు మేడం. మీకు ఎరుక లేకుంటెనే మంచిది," అన్నది.

తీర్పు వచ్చిన చాలా నెలలకు ఆఫీసుకు ఫోను వచ్చింది. ఆమే. అంతా బాగున్నామని, పిల్లవాడు పనికి, పిల్ల బడికి వెళ్తున్నారని చెప్పింది. కొడుకు రాత్రిళ్ళు నిద్రపోతున్నాడా అని అడిగాను. ఇప్పుడిప్పుడే అన్నది. కాయిన్ బూతు నుంచి మాట్లాడుతున్నట్టుంది, వెనక గోలగా ఉంది. ఎవరో తెలుగులో బస్సు ఏయే ఊళ్ళకు పోతుందో గట్టిగా అరవటం మొదలుపెట్టారు. ఆ పేర్లు వినపడకుండా నేను రిసీవరును చెవికి దూరంగా జరిపి పట్టుకున్నాను.